సగం ఖాళీ అయిన ర్యాక్

తిరిగే డిస్‌ప్లే ర్యాక్ పని పూర్తయ్యి, రంగు ఆరి, హుక్కులన్నిటికీ సరుకు తగిలించాక నేను చేసే మొదటి పని ఒక సైడు ఖాళీ చేయడం. నాలుగు సైడ్లలో ఒకదాని మీదున్న ప్యాకెట్లన్నీ తీసి అట్టపెట్టెలో పెట్టేస్తాను. తర్వాత దానికి ఎదురు సైడు ముందు నిలబడి, నేల నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తులో స్ప్రింగ్ త్రాసు కొక్కెం తగిలించి, మెల్లగా నా వైపు లాగుతాను. ముల్లు మూడు కిలోలు, అయిదు, ఏడు అని కదులుతూ ఉంటుంది. ఎక్కడో ఒకచోట ఖాళీ సైడు కింది కాళ్లు నేలని వదిలేస్తాయి. ఆ అంకె నోట్‌బుక్కులో రాసుకుంటాను. అది 12 దాటకపోతే ఆ ర్యాక్ మా షెడ్డు గడప దాటదు.

షాపుల్లో పెట్టే తిరిగే డిస్‌ప్లే ర్యాకులు డిజైన్ చేసి చేయించడం నా పని. పెన్నులు, కళ్లజోళ్లు, ఫోన్ కవర్లు, కీ చైన్లు, విత్తనాల ప్యాకెట్లు, చిన్న చిన్న స్పేర్ పార్టులు, ఏవైనా సరే తక్కువ చోటులో ఎక్కువ కనిపించాలి. పదకొండేళ్లుగా ఇదే పని. వచ్చిన వాళ్లందరూ మొదట అడిగేది "ఎంత చోటు కలిసొస్తుంది?" అనే. అడగాల్సిన ప్రశ్నే, దాని లెక్క కూడా చెప్తాను. కానీ ముందు ఆ త్రాసు సంగతి చెప్పాలి. నా డిజైన్లన్నీ ఇప్పుడు అక్కడే మొదలవుతున్నాయి.

పని మొదలుపెట్టిన రెండో ఏడు ఒక స్టేషనరీ షాపుకి నాలుగు సైడ్ల ర్యాక్ చేసిచ్చాను. ఒక్కో సైడు వెడల్పు 40 సెంటీమీటర్లు. కింద 45కి 45 సెంటీమీటర్ల ఇనుప ప్లేటు, మందం 6 మిల్లీమీటర్లు. నిండా సరుకు పెట్టి నాలుగు వైపుల నుంచీ తోసి చూశాను. గట్టిగానే నిలబడింది. ధైర్యంగా పంపించాను. మూడు వారాలకి ఫోన్ వచ్చింది. "మేడమ్, మీ ర్యాక్ పడిపోయింది."

వెళ్లేదాకా కాళ్లూ చేతులూ ఆడలేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఒక పెద్దావిడ పై వరసలో ఉన్న కార్డు అందుకోవడానికి ర్యాక్ అంచు పట్టుకుని మునివేళ్ల మీద లేచారట. ర్యాక్ ఆవిడ వైపే వాలింది. ఆవిడ చప్పున పక్కకి జరిగారు కాబట్టి సరిపోయింది. దాదాపు 60 కిలోల ఇనుమూ సరుకూ కలిసి ఆవిడ నిలబడిన చోటే పడ్డాయి. ఆవిడ అక్కడే స్టూలు మీద కూర్చుని ఉన్నారు, ఎవరో మంచినీళ్లు ఇచ్చారు. నేనే చేశానని చెప్పి క్షమించమని అడిగితే, "నేనే గట్టిగా పట్టుకున్నానేమో అమ్మా" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆవిడ గట్టిగా పట్టుకోలేదు. పట్టుకుంటే పడిపోయే వస్తువుని నేను ఆవిడ ముందు నిలబెట్టాను.

పడిన ర్యాక్‌ని లేపి చూస్తే మూడు సైడ్లు నిండుగా ఉన్నాయి. నాలుగో సైడు మీద ఒక్క ప్యాకెట్ కూడా లేదు. అక్కడ పెట్టిన రంగు పెన్సిళ్లు బాగా అమ్ముడుపోయాయట, కొత్త సరుకు ఇంకా రాలేదట. ఆ ఖాళీ సైడుకి సరిగ్గా ఎదురు సైడునే పెద్దావిడ పట్టుకున్నారు.

మా వెల్డింగ్ మేస్త్రి గారు అంతా విని ఒకటే అన్నారు. "అమ్మాయ్, నువ్వు నిండిన ర్యాక్‌ని చూసి పంపించావు. షాపులో ర్యాక్ నిండుగా ఉండేది మొదటి రోజు ఒక్కటే." నిండుకుండ తొణకదు అంటారు కదా, నిండిన ర్యాక్ కూడా అంతే. నాలుగు వైపులా సమానంగా బరువుంటే ఎంత నాసిరకం డిజైన్ అయినా బుద్ధిగా నిలబడుతుంది. అమ్మకం మొదలయ్యాకే దాని అసలు గుణం తెలుస్తుంది.

ఆ రాత్రి కూర్చుని లెక్క కట్టాను. సైడుకి 12 కిలోల సరుకు. ఒక సైడు ఖాళీ కాగా మిగిలింది 36 కిలోలు. ఫ్రేము 14, బేస్ ప్లేటు తొమ్మిదిన్నర. మొత్తం దాదాపు 60 కిలోలు. పక్క సైడ్లు రెండూ ఒకదాన్నొకటి సరితూచుకుంటాయి. ఖాళీ సైడుకి ఎదురుగా ఉన్న 12 కిలోలు మాత్రం, ఇరుసుకి 25 సెంటీమీటర్ల దూరంలో, జోడు లేకుండా మిగిలిపోతాయి. దాంతో మొత్తం బరువుకి కేంద్రం నడిమధ్య నుంచి 5 సెంటీమీటర్లు అటు జరుగుతుంది. కాళ్ల బోల్టులు మధ్య నుంచి 21 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయి. అంటే ర్యాక్ వాలకుండా కాపాడేది 16 సెంటీమీటర్లే. 60ని 16తో గుణించి, చెయ్యి పట్టుకునే ఎత్తు 150తో భాగిస్తే ఆరుంపావు కిలోల చిల్లర. నిండు నీళ్ల బకెట్ ఎత్తడానికి పెట్టే బలం కన్నా తక్కువ. మునివేళ్ల మీద లేచిన మనిషి బ్యాలెన్స్ కోసం పట్టుకుంటే అంతకన్నా ఎక్కువ బరువే పడుతుంది.

తర్వాత చేసిన మార్పు పెద్ద విద్యేమీ కాదు. బేస్ ప్లేటుని 60కి 60 చేసి, మందం 10 మిల్లీమీటర్లకి పెంచాను. ప్లేటు ఒక్కటే 28 కిలోలు తూగింది. కాళ్లు మధ్య నుంచి 28 సెంటీమీటర్లకి జరిగాయి. అదే లెక్క మళ్లీ కడితే 12.6 కిలోలు వచ్చింది, పాతదానికి రెట్టింపు. పై వరస ఎత్తు 170 నుంచి 150కి తగ్గించాను. బరువైన సరుకంతా కింది వరసల్లో పెట్టమని షాపు వాళ్లకి కాగితం మీద రాసి ఇవ్వడం కూడా అప్పుడే మొదలుపెట్టాను. ఆ షాపుకి కొత్త ర్యాక్ చేసిచ్చాను. పాతది తెచ్చి మా షెడ్డులో పనిముట్లు తగిలించుకుంటున్నాం, గోడకి బోల్టు వేసి.

చదరపు ప్లేటే ఎందుకు, అందంగా గుండ్రటి బేస్ పెట్టొచ్చు కదా అని అడుగుతారు. గుండ్రటిది చూపుకి బాగుంటుంది. అయితే ర్యాక్ వాలేది ప్లేటు అంచు మీద కాదు, పక్కపక్కనున్న రెండు కాళ్లని కలిపే గీత మీద. మధ్య నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో నాలుగు కాళ్లు పెడితే ఆ గీత మధ్య నుంచి 21 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. మూడు కాళ్లయితే 15. అయిదు పెడితే 24 దాటుతుంది. చక్రాల ఆఫీసు కుర్చీకి అయిదు కాళ్లుండేది ఇందుకే. గుండ్రటి బేస్ కావాలని పట్టుబడితే అయిదు కాళ్లకి తక్కువ ఒప్పుకోను. చదరపు ప్లేటులో కాళ్లు మూలలకి పోతాయి కాబట్టి నాలుగుతోనే సరిపోతుంది. కాలికి తగలకుండా మూలలు కొద్దిగా కోసేసి, అంచులు గ్రైండింగ్ చేస్తే చాలు.

ఇక బేరింగ్ సంగతి. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

మొదట్లో నేను వాడింది రెండు రేకు ప్లేట్ల మధ్య గోళీలు ఉండే తిరుగుడు ప్లేటు, టీవీ కింద పెట్టే రకం. బరువు మోయడంలో దానికి వంక పెట్టలేం. కానీ ర్యాక్ ఒక పక్క ఖాళీ కాగానే పైనున్న ఫ్రేము మొత్తం వాలి, గోళీల్లో ఒక పక్కవి నలిగి, ఇంకో పక్కవి వదులైపోతాయి. కొన్నాళ్లకి తిప్పినప్పుడల్లా కరకరమంటుంది. తర్వాత ఒకచోట పట్టేస్తుంది. బేరింగ్ నాణ్యత తక్కువని రెండుసార్లు మార్చాను. తప్పు బేరింగ్‌ది కాదని మూడోసారి అర్థమైంది.

తలుపుకి మడతబందులు పైనొకటి, కిందొకటి ఎందుకు వేస్తారో గుర్తు తెచ్చుకోండి. రెండూ మధ్యలో బెత్తెడు దూరంలో వేస్తే తలుపు వారం తిరక్కుండా వాలిపోతుంది. ర్యాక్ కూడా అంతే. జోడు లేని 12 కిలోలు 25 సెంటీమీటర్ల దూరం నుంచి లాగుతుంటే, ఆ లాగుడుని ఆపే ఆధారాలు రెండూ 10 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఒక్కో దాని మీద పక్కకి 30 కిలోల ఒత్తిడి పడుతుంది. అవే ఆధారాలు ఒకదానికొకటి 120 సెంటీమీటర్ల దూరంలో ఉంటే పడేది రెండున్నర కిలోలు. అదే ర్యాక్, అదే సరుకు. ఆధారాలు దూరం జరిపాం, అంతే.

అందుకని ఇప్పుడు నా ర్యాకుల్లో ఇరుసు తిరగదు. 48 మిల్లీమీటర్ల పైపు ఒకటి బేస్ ప్లేటుకి నిటారుగా వెల్డింగ్ అయి ఉంటుంది. దాని తలమీద లేత్‌లో చేయించిన ఇనుప బిళ్ల ఒకటి, బిళ్ల మధ్యలో 25 మిల్లీమీటర్ల మేకులాంటి ముక్క పైకి ఉంటుంది. దాని చుట్టూ 51105 నంబరు థ్రస్ట్ బేరింగ్, అంటే పైనుంచి పడే బరువు మోసే రకం, కూర్చుంటుంది. లోపలి రంధ్రం 25, బయట 42, ఎత్తు 11 మిల్లీమీటర్లు. అరచేతిలో పట్టేంత వస్తువు. తిరిగే ఫ్రేము మొత్తం ఒక టోపీలా పైనుంచి దిగి ఆ బేరింగ్ మీద వేలాడుతుంది. కింద, పైపు చుట్టూ, ఫ్రేముకి బిగించిన ప్లాస్టిక్ బుష్, అంటే ఉంగరంలాంటి ముక్క ఒకటి. అది బరువు మోయదు, ఫ్రేము ఊగకుండా పట్టుకుంటుంది. ఇలా వేలాడదీసిన ఫ్రేముని మొదటిసారి వేలితో తోసినప్పుడు చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉండిపోయింది. మేస్త్రి గారు వెల్డింగ్ హోల్డర్ పక్కన పెట్టి వచ్చి మరీ చూశారు.

పైపుని బేస్‌కి వెల్డింగ్ చేసేటప్పుడు మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. ఒక పక్క పూర్తిగా వెల్డింగ్ లాగేస్తే, చల్లారేటప్పుడు పైపు ఆ పక్కకే లాక్కుంటుంది. ఎదురెదురుగా చిన్న చిన్న టాకాలు వేసి, రసమట్టం పెట్టి చూసుకుని, తర్వాత కొంచెం కొంచెంగా చుట్టూ నింపుకురావాలి. కింద ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే పైన ఎంత కనిపిస్తుందో మేస్త్రి గారికి లెక్క అక్కర్లేదు, కన్ను చాలు.

బుష్ విషయంలో ఒక దెబ్బ తిన్నాను. మొదట నైలాన్ వాడాను. అరుగుదల తక్కువ, లేత్‌లో కోయడం తేలిక. పైపుకీ బుష్‌కీ మధ్య కాగితం పట్టేంత ఖాళీ ఇచ్చి బిగుతుగా చేయించాను, ఊగకూడదని. గాలిలో తేమ పెరిగే రోజులు రాగానే రెండు ర్యాకులు బిగుసుకుపోయాయి. నైలాన్ తేమ పీల్చుకుని ఉబ్బుతుంది. నాకు తెలియక చేసిన తప్పు అది. ఇప్పుడు ఎసిటాల్ అనే ప్లాస్టిక్ వాడుతున్నాను, అది తేమని చాలా తక్కువ పీల్చుతుంది. ఖాళీ కూడా అర మిల్లీమీటరు వదులుతాను. ఆ మాత్రం కదలిక చేతికి తెలియదు.

బేరింగ్ మరీ తేలిగ్గా తిరిగితే ఇంకో చిక్కు. షాపుల నేల రసమట్టానికి సరిగ్గా ఉండదు. మీటరుకి సెంటీమీటరు వాలు చాలు, సగం ఖాళీ అయిన ర్యాక్ తనంతట తనే తిరిగి, బరువు సైడుని పల్లం వైపు తెచ్చుకుని ఆగుతుంది. ఎన్నిసార్లు తిప్పినా మళ్లీ అక్కడికే వస్తుంది. కస్టమర్ చేతిలో వస్తువు పట్టుకుని చూస్తుండగానే ఎదురుగా ఉన్నది మెల్లగా పక్కకి జరిగిపోతుంటే ఎంత చిరాకో ఒకసారి నిలబడి చూస్తే తెలుస్తుంది. అందుకని కాళ్ల బోల్టులతో ముందు నేల వాలు సరిచేస్తాం. ఆపైన బుష్ పక్కన ఒక ఫెల్ట్ (అదిమి చేసిన మందపాటి ఉన్ని గుడ్డ) రింగు బిగిస్తాను. రెండు వేళ్లతో తోస్తే కదలాలి, వదిలేస్తే ఆగాలి. ఫెల్ట్‌ని ఎంత నొక్కాలో చెప్పడానికి నా దగ్గర కొలత లేదు, చేత్తో తిప్పి చూసి బిగించడమే.

ఆ ఫెల్ట్ రింగు ఇంకో పని కూడా చేస్తుంది. పిల్లలకి తిరిగే వస్తువు కనిపిస్తే తిప్పకుండా ఉండలేరు. తిప్పనివ్వాలి కూడా, అందుకేగా అది ఉన్నది. కానీ రెండు సెకండ్లకి ఒక చుట్టు చొప్పున తిరిగితే, ఇరుసుకి 30 సెంటీమీటర్ల దూరంలో వేలాడే ప్యాకెట్‌ని బయటికి లాగే బలం దాని బరువులో దాదాపు మూడో వంతు ఉంటుంది. హుక్కుని 17 డిగ్రీలు కిందికి వంచితే ప్యాకెట్ ఎలా జారుతుందో అంత. నున్నటి హుక్కు మీద నుంచి ప్యాకెట్లు వరసగా ఎగిరి పడతాయి. చుట్టు తిప్పే వేగం రెట్టింపు అయితే ఆ బలం నాలుగింతలు అవుతుంది. అందుకే హుక్కు మొత్తాన్ని కొద్దిగా పైకి వాలుగా పెట్టి, కొనని ఇంకాస్త పైకి వంచుతాం. ఆ కొన మొనలా ఉండకూడదు. తీగని వెనక్కి మడిచి ఉంగరంలా చేయాలి, లేదా గుండ్రటి బిళ్ల తొడగాలి. వంగి కింది వరస చూసే పెద్దవాళ్ల కంటికీ, నిలబడి ఉన్న పిల్లల కంటికీ హుక్కు కొనలు సరిగ్గా ఎదురుగా ఉంటాయి. ఈ ఒక్క విషయంలో ఖర్చు తగ్గించమంటే నేను పని వదులుకుంటాను.

ఇప్పుడు చోటు లెక్క. ఇది చెప్తే చాలామంది నమ్మరు.

40 సెంటీమీటర్ల సైడ్లు నాలుగు, ఒక్కో సైడు నుంచి 15 సెంటీమీటర్లు బయటికి వచ్చే ప్యాకెట్లు. తిరిగినప్పుడు మూల ప్యాకెట్లు గీసే వలయం అడ్డం కొలిస్తే 81 సెంటీమీటర్లు. డ్రాయింగులో 40 అని చూసి 50 సెంటీమీటర్ల సందులో పట్టేస్తుందని అనుకుంటారు. పట్టదు. సరే, ఈ ర్యాక్ మీద కనిపించే సరుకు వెడల్పు మొత్తం 160 సెంటీమీటర్లు. అదే 160ని గోడకి వరసగా, 25 సెంటీమీటర్ల లోతుతో పెడితే నేల మీద 0.4 చదరపు మీటర్లు పడుతుంది. తిరిగే ర్యాక్‌కి 81కి 81 వదలాలి కాబట్టి 0.66. అంటే తిరిగే ర్యాకే ఎక్కువ నేల తింటుంది!

మరి కలిసొచ్చేది ఎక్కడ? మనిషి నిలబడే చోటులో. గోడ ర్యాక్ ముందు 160 సెంటీమీటర్ల పొడవునా, 90 సెంటీమీటర్ల వెడల్పున దారి ఖాళీగా ఉంచాలి. తిరిగే ర్యాక్ ముందు మనిషి ఒక్కచోటే నిలబడతాడు, సరుకే అతని దగ్గరికి వస్తుంది. ఆ దారి కూడా కలిపి లెక్కేస్తే గోడ ర్యాక్‌కి 1.84 చదరపు మీటర్లు, తిరిగే దానికి 1.39. నాలుగో వంతు మిగిలింది. గోడ పొడవులో అయితే 160కి బదులు 81 సరిపోయింది. కాబట్టి ఈ ర్యాక్‌ని ఎవరూ నిలబడని మూలలోకి తోసేస్తే లాభం లేదు. జనం ఎలాగూ నడిచే దారి పక్కన, స్తంభం ఆనుకుని ఉండే వాడని చోటులో, కౌంటర్ చివర పెట్టినప్పుడే అది చోటు మిగిల్చినట్టు. నేను కొలతలకి వెళ్లినప్పుడు ర్యాక్ పట్టే చోటు కన్నా ముందు మనుషులు ఎక్కడ ఆగుతున్నారో కాసేపు చూస్తాను.

మూడు సైడ్లు మేలా, నాలుగా, ఆరా అనే చర్చ మీద నాకు పెద్దగా ఆసక్తి లేదు. నిలబడే చోటు కూడా కలిపి చూస్తే మీటరు సరుక్కి పట్టే నేల మూడింటికీ ఇంచుమించు ఒకటే. మూడు సైడ్లదానికి 66 సెంటీమీటర్ల వలయం చాలు కాబట్టి ఇరుకు చోట్లకి అదే దిక్కు. కానీ మొత్తం బరువు తక్కువ కాబట్టి ఒక సైడు ఖాళీ అయితే తొందరగా వాలుతుంది, బేస్ ఇంకా బరువుగా చేయాలి. ఆరు సైడ్లది నడుమ బోలుగా ఉండి, వలయం మీటరు దాటిపోతుంది.

ఒక మనిషి ఒక్కచోట నిలబడితే చాలన్నానా, ఇద్దరొస్తే ఏం చేయాలి? ఒకరు ఇటు తిప్పితే, అవతల చూస్తున్న వాళ్ల చేతి కింద నుంచి సరుకు జారిపోతుంది. ఇద్దరూ మొహమాటపడి ఒకరు వెళ్లిపోతారు. ఆ వెళ్లిపోయిన మనిషి షాపు వాళ్ల లెక్కలో ఎక్కడా కనిపించరు. నాకైతే ఈ సమస్య చాలాకాలం తట్టలేదు. ఇప్పుడు కొంచెం ఎత్తయిన ర్యాకులన్నీ రెండు అంతస్తులుగా చేస్తున్నాను. ఒకే పైపు, మధ్యలో పైపు చుట్టూ కడియంలాంటి కాలర్ ఒకటి, దాని మీద ఇంకో బేరింగ్. పై సగం, కింది సగం దేనికది తిరుగుతాయి. బేరింగ్ ఖర్చు, లేత్ పని రెట్టింపు. పైగా ఒక్కో సగంలో ఆధారాల మధ్య దూరం సగానికి తగ్గిపోతుంది. అయితే దాని వంతు బరువు కూడా సగమే కాబట్టి బుష్ మీద పడే ఒత్తిడి మారదు.

వెనక సైడు అమ్ముడుపోవడం లేదని ఒక షాపు వాళ్లు ర్యాక్ తీసేస్తామన్నారు. వెళ్లి చూస్తే ర్యాక్ ఎప్పుడూ ఒక సైడు తిన్నగా జనానికి ఎదురుగా ఉండేట్టు ఆగి ఉంది. చూసేవాళ్లకి అది మామూలు పలకలా కనిపిస్తోంది, తిరుగుతుందని ఎవరికీ తోచలేదు. తలుపులకి వేసే, గోళీ గుంటలో పడి పట్టుకునే బాల్ క్యాచ్‌లు తెచ్చి, కింది రింగుకి నాలుగు గుంటలు పెట్టి, ఎప్పుడు ఆగినా మూల జనం వైపు ఉండేట్టు బిగించాను. అప్పుడు ఒకేసారి రెండు సైడ్లు ఏటవాలుగా కనిపిస్తాయి, వెనక ఇంకా ఉందని కంటికే తెలుస్తుంది. నడుము ఎత్తులో చేతికి తగిలేట్టు ఒక చెక్క పిడి కూడా పెట్టాను. వాళ్లు ర్యాక్ ఉంచుకున్నారు. ఆ మూల కోణం డ్రాయింగులో 45 డిగ్రీలు తిప్పడమే, ఒక్క రూపాయి ఖర్చు లేదు.

ఎత్తుల విషయంలో నేను అమెరికా వాళ్ల ఏడీఏ (వికలాంగుల హక్కుల చట్టం) ప్రమాణాన్ని పట్టుకుంటాను. చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషికి ఎదురుగా చెయ్యి అందే ఎత్తు నేల నుంచి 38 సెంటీమీటర్లు మొదలుకుని 122 వరకు అని అందులో ఉంది. ప్రతి రకం సరుకూ ఆ హద్దుల్లో కనీసం ఒక్క హుక్కు మీదైనా ఉండాలి. 122 పైన పెట్టేది అదే సరుకు మళ్లీ, తేలికైనది. మునివేళ్ల మీద లేవాల్సిన అవసరం ఎవరికీ రాకూడదు. పక్కన గోడ ఉంటే వలయానికీ గోడకీ మధ్య 10 సెంటీమీటర్లు వదులుతాను. చెయ్యి నలగకుండా ఉండాలంటే యంత్రంలో కదిలే భాగాల మధ్య కనీసం 100 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలని ఐఎస్ఓ 13854 అనే అంతర్జాతీయ ప్రమాణం చెప్తుంది. ర్యాక్ యంత్రం కాదనొచ్చు. పిల్లవాడి చెయ్యికి ఆ తేడా తెలియదు.

ఆమధ్య ఒకరు వచ్చి రంగులరాట్నంలా కాదు, జెయింట్ వీల్‌లా పైకీ కిందికీ తిరిగే ర్యాక్ కావాలన్నారు. ఆలోచన కొత్తదేం కాదు. ఇటలీకి చెందిన అగొస్టినో రమెల్లి 1588లోనే అలాంటి పుస్తకాల చక్రం బొమ్మ గీశాడు. ఒక్కచోట కూర్చుని చక్రం తిప్పుకుంటూ చాలా పుస్తకాలు చదువుకోవచ్చు. ఏ పలకా తలకిందులు కాకుండా ఉండడానికి లోపల పళ్ల చక్రాలు అమర్చాడు. ఎంత చూసినా తనివి తీరని బొమ్మ. కానీ షాపుకి అది పనికిరాదని చెప్పాను. నిలువు చక్రంలో ఒక పలక ఖాళీ అయితే ఎదురు పలక బరువుకి చక్రం గిర్రున తిరిగి కిందికి దిగుతుంది. దానికి బ్రేకు కావాలి, బ్రేకు వదిలినప్పుడు పట్టుకోవడానికి మనిషి కావాలి. చైనాలోని లాంగ్‌షింగ్ ఆలయంలో సాంగ్ రాజుల కాలం నాటి గ్రంథాల బీరువా ఒకటుంది. ఒక గది అంత ఉంటుంది, మధ్యలో ఒకే ఇరుసు మీద అడ్డంగా తిరిగేలా కట్టారు. బరువు ఇరుసుకి ఎంత దగ్గరగా మోస్తే తిప్పడం అంత తేలికన్న సంగతి వాళ్లు అంత పెద్ద వస్తువు మీద చేసి చూపించారు. నాకు ఆ దారే నచ్చుతుంది. వచ్చినాయన కొంచెం నిరాశపడ్డారు. చివరికి రెండు అంతస్తుల అడ్డం ర్యాకే చేయించుకున్నారు.

ఇది రాస్తున్న రోజు ఉదయం కళ్లజోళ్ల షాపు కోసం చేసిన ర్యాక్‌ని త్రాసుతో లాగాను. కళ్లజోళ్లు తేలికే అయినా, రేపు షాపు వాళ్లు అందులో ఏం పెడతారో నాకు తెలియదు కాబట్టి సైడుకి 12 కిలోల ఇసుక సంచులు తగిలించే లాగుతాను. ముల్లు పదకొండున్నర దగ్గర ఉండగానే కాళ్లు లేచాయి. లెక్క ప్రకారం పన్నెండున్నర దాటాలి. కాళ్ల దూరం కొలిచాను, సరిగ్గానే ఉంది. ఎత్తు సరిగ్గానే ఉంది. మేస్త్రి గారు కింద కూర్చుని ప్లేటు అంచుకి మందం కొలిచే వెర్నియర్ పెట్టారు. 10 మిల్లీమీటర్లు ఉండాల్సింది 8 ఉంది. కోయించినచోట రెండు ప్లేట్లు తారుమారయ్యాయి.

రంగు వేసిన ర్యాక్‌ని మళ్లీ కోసి అతకడం ఎవరికీ ఇష్టముండదు. అలా కాకుండా రెండు మిల్లీమీటర్ల రేకు, అదే కొలతకి కోసి, కింద నాలుగు మూలలా బోల్టులతో బిగించాం. సాయంత్రం మళ్లీ ఒక సైడు సంచులు తీసేసి లాగాను. పన్నెండున్నర దాటాక లేచాయి. నోట్‌బుక్కులో పాత అంకె కొట్టేయకుండా దాని కిందే కొత్తది రాశాను. మేస్త్రి గారు ఇసుక సంచులు విప్పుతుంటే నేను ప్యాకింగ్‌కి బబుల్ షీటు కోశాను.